నాలుగో గుంట ఏరేటరు మీద కట్టిన పాటలు

మా బ్యాండు పేరు ఇక్కడ రాయను. రాసినా మీలో చాలామందికి తెలియదు. మమ్మల్ని వినేవాళ్లందరినీ ఒకచోట చేరిస్తే ఒక కల్యాణ మండపం నిండుతుందేమో, అదీ చిన్న మండపం. తొమ్మిదేళ్లు, మూడు ఆల్బమ్‌లు, ఇద్దరు మనుషులు. యంత్రాల దగ్గర నేను, మైకు దగ్గర మా అక్క. మీది ఏ మ్యూజిక్ అని ఎవరైనా అడిగితే ఎలక్ట్రానిక్ అంటాను. డీజేనా అంటారు. కాదంటాను. అయితే సినిమా పాటలకు ట్రాకులు పెట్టి పాడతారా అంటారు. అక్కడికొచ్చేసరికి నాకు ఒళ్లు మండుతుంది, అక్కకు నవ్వొస్తుంది. మా బ్యాండు ఇన్నేళ్లు నిలబడిందంటే ఆ నవ్వు పుణ్యమే. ఈ తొమ్మిదేళ్లూ నాకు ఉన్న భయం ఒక్కటే. ఏదో ఒక రోజు అక్క నా వైపు చూసి, ఇక చాలురా అంటుందని.

మేం చిల్లకూరు దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టినవాళ్లం. అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. నన్ను చంకనేసుకుని తిరిగానని ఇప్పటికీ నలుగురిలో చెప్పి నా పరువు తీస్తుంది. ఆమెను తోటపల్లి గూడూరు వైపు, సముద్రానికి దగ్గరి ఊళ్లో, రొయ్యల గుంటలున్న ఇంటికి ఇచ్చారు. నేను చెన్నైలో టీవీ సీరియళ్లకు శబ్దాలు అతికించే పనిలో చేరాను. తలుపు తీస్తే కిర్రుమనాలి, అత్తగారు తల తిప్పితే ధనామని మోగాలి. ఆ ధనాధనలు వేసి వేసి తల వాచిపోయి, నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, అక్క ఇంట్లో వచ్చి పడేవాణ్ణి.

ఏరేటర్ల చప్పుడు సరిగ్గా విన్నది అక్కడే. రొయ్యల గుంటలు చూడనివాళ్ల కోసం చెప్తాను. గుంటలో నీళ్ల మీద తేలుతూ మోటారు చక్రాలు తిరుగుతుంటాయి. అవి నీళ్లను చిలికి గాలి కలుపుతాయి. ఆ చక్రాలు ఆగితే కాసేపటికి రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి, ఇంకాసేపటికి పంట మొత్తం పోతుంది. మబ్బు పట్టిన రోజైతే ఆ కాసేపు కూడా ఉండదు. అందుకని ఆ ఊళ్లలో మనుషులు అన్నం తింటున్నా, పెళ్లి మాటలు మాట్లాడుకుంటున్నా ఒక చెవి గుంట దగ్గరే ఉంచుతారు. చప్పుడు ఉన్నంతసేపూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆగిందా, చేతిలో ముద్ద కంచంలో పడేసి పరిగెత్తుతారు.

నాకు ఆ బాధలేవీ పట్టలేదు. నాకు వినిపించింది బీటు. వాళ్ల నాలుగో గుంటలో ఒక ఏరేటరు తిరిగిన ప్రతిసారీ నీళ్ల చప్పుడుతో పాటు ‘టిక్’మనేది. సరిగ్గా దరువు మీద కాదు, రవ్వంత వెనకగా. స్టూడియోలో తలకిందులుగా తపస్సు చేసినా అలాంటి టిక్ పుట్టదు. ఫోను పట్టుకుని గట్టు మీద గంటసేపు కూర్చున్నాను. నా వెనక అక్క మేత పళ్లేన్ని గుంటలోంచి పైకి లాగి, రొయ్యలు తిన్నాయో లేదో చూస్తూ, తనలో తను ఏదో కూనిరాగం తీస్తోంది. అదీ రికార్డయింది. చెన్నై వెళ్లి వింటే ఆ కూనిరాగం ఆ టిక్‌ను వదలకుండా పట్టుకుని నడుస్తోంది. రెండింటి కిందా సింథ్ కీబోర్డుతో ఒక పొడుగాటి శ్రుతి పరిచాను. అదే మా మొదటి పాట.

అక్కకు ఫోన్లో వినిపిస్తే చివరిదాకా విని, “బాగుండాది. పాట ఎప్పుడు మొదలవతాది?” అంది. అయిపోయిందక్కా అన్నాను. అక్క కొంచెం సిగ్గుపడుతూ, “ఆ కూసింది నేనేనా? ఇంకోసారి ఎయ్యి” అంది. ఇంకో నాలుగుసార్లు వేశాను.

మొదటి ఆల్బమ్ వాళ్ల ఇంట్లో మేత బస్తాలు పేర్చే గదిలో చేశాం. స్టూడియో గోడలకు అతికించే స్పాంజికంటే మేత బస్తాలు మేలు, చప్పుడు ఎక్కడా తిరిగి కొట్టదు. వాసన సంగతి మాత్రం అడక్కండి. ఆ గదిలో పాడిన రోజు అక్క చీర, నా ల్యాప్‌టాప్, మా ఇద్దరి జుట్టు అన్నీ ఎండు చేపల పొడి వాసన కొట్టేవి. ఆ ఆల్బమ్ ఇంటర్నెట్‌లో పెట్టాక, నేను పేరు కూడా పలకలేని ఊళ్ల నుంచి మనుషులు ఉత్తరాలు రాశారు. ఒకాయన పెద్ద వ్యాసమే రాశాడు. ఆ టిక్ విరిగిన మనసు చప్పుడనీ, ఆ నీళ్ల హోరు సముద్రపు దుఃఖమనీ ఆయన తేల్చాడు. అక్కకు తెలుగులో చెప్తే కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. “సముద్రమూ లేదు దుఃఖమూ లేదు, నాలుగో గుంట మోటారని రాయి ఆయనకు” అంది. రాయలేదు. పొగిడినవాణ్ణి సరిదిద్దే మంచితనం నాకు లేదు.

చెన్నైలో ఒక కాఫీ హోటల్ మేడ మీద మొదటి కచేరీ. ముప్పై మంది వచ్చారు. అందరూ మోకాళ్లు ముడుచుకుని, ముఖాలు గంభీరంగా పెట్టుకుని కూర్చున్నారు. అక్క మైకు పట్టుకుని వాళ్లను కాసేపు చూసి, పాట మొదలుపెట్టకుండా, “అందరూ తిన్నారా?” అని అడిగింది. తెలుగు అర్థం కానివాళ్లు కూడా నవ్వేశారు. అప్పటి నుంచి ప్రతి కచేరీలో అదే మా మొదటి మాట.

రెండో ఆల్బమ్‌కు రాకెట్ చప్పుడు కావాలని నాకు పిచ్చి పట్టింది. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజు పులికాట్ రోడ్డు మీద జనంలో నిలబడి మైకు పెట్టాం. ఆ చప్పుడుకు నా మైకు చేతులెత్తేసింది. ఇంటికొచ్చి వింటే గరగర తప్ప ఏమీ లేదు. నేను కంప్యూటర్ మూసి అలిగి కూర్చుంటే, అక్క హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ గరగరకు ముందున్న భాగం మళ్లీ మళ్లీ వింది. అక్కడ ఎవరో ముసలామె, “పొయింది, పొయింది, అదో, చల్లగా పొయ్యిరా నాయనా” అంటోంది. రాకెట్‌ను తీసేసి ఆ మాట ఉంచాం. ఆ ఆల్బమ్‌లో అందరికీ నచ్చింది అదే. ఆ పేరు నాకొచ్చింది, నేనూ వద్దనలేదు.

మూడో ఆల్బమ్‌లో నేనొక గొప్ప ఆలోచన చేశాను. గొప్పదని అప్పట్లో అనుకున్నాను. పాట నడుస్తూ నడుస్తూ ఏరేటర్ల చప్పుడు పొర మీద పొరగా పెరిగి, గుండెల మీద గుద్దినట్టయ్యాక, ఒక్కసారిగా అంతా ఆపేస్తాను. ఎనిమిది దరువుల సేపు ఏమీ ఉండదు. ఆ నిశ్శబ్దంలోంచి అక్క గొంతు ఒక్కటే లేస్తుంది. బెంగళూరులో వాయించినప్పుడు ఆ ఎనిమిది దరువుల్లో జనం ఈలలు వేశారు. అక్కడి నుంచే మాకు కాస్త పేరొచ్చింది.

అక్కకు మాత్రం అది మొదటి నుంచీ గిట్టలేదు.

“ఆడ ఆపబాకరా. నాకు కడుపులో ఎట్టనో ఉంటాది.”

“అదే గదక్కా కావాల్సింది. వినేవాళ్లందరికీ అట్టనే ఉండాల.”

“అందరి సంగతి నాకు తెలవదు. నా సంగతి చెప్తా ఉండా.”

నేను చెవిన వేసుకోలేదు. ప్రతి కచేరీలో ఆ ఎనిమిది దరువులూ అక్క కళ్లు గట్టిగా మూసుకుని నా బల్ల అంచు పట్టుకునేది. ఎంత లీనమైపోయిందో అని జనం అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

అలా ఉండగా ఈ మధ్య మాకొక పిలుపు వచ్చింది. మూడు నెలలు ఊరూరా కచేరీలు, కొన్ని మన దేశంలో, కొన్ని బయట, చివర్లో ఒక మంచి స్టూడియోలో నాలుగో ఆల్బమ్. తొమ్మిదేళ్లు నేను కన్న కల అది. బావ వెంటనే సరేనన్నాడు. “పొయ్యిరానీ అబయా, మూడు నెల్లేగదా” అన్నాడు గట్టిగా. ఆయన ఏది చెప్పినా గట్టిగానే చెప్తాడు, ఎందుకంటే ఏళ్ల తరబడి జనరేటర్ పక్కన పనిచేసి చెవులు దెబ్బతిన్నాయి. మోటారు ఆగితే ఆయనకు తెలియదు. ఆ ఇంటికి చెవులు అక్కవే.

ఆ సంగతి తెలిసే, కరెంటు పోతే ఫోనుకు కబురు పంపే పెట్టె ఒకటి కొనుక్కెళ్లాను. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“కరెంటు పోతే చెప్తాది, సరే. నాచు చుట్టుకోని చక్రం బరువుగా తిరగతా ఉంటే చెప్తాదా?”

చెప్పదన్నాను. అక్క పెట్టెను జాగ్రత్తగా గూట్లో పెట్టింది. “మన పాట మా ఊళ్లో ఎవురూ విన్లేదురా. ఒక్కసారి ఈడ వాయిద్దాం. అది అయినాక చెప్తా, వస్తానో రానో” అంది. అక్క గొంతు లేకపోతే బ్యాండు లేదు, బ్యాండు లేకపోతే నేను మళ్లీ సీరియల్ అత్తగారి ధనాధనల దగ్గరికే.

ఊరి బడి మైదానంలో షామియానా వేశారు. బావ పెద్దమనిషిలా తిరుగుతూ కుర్చీలు వేయించాడు. నెల్లూరు నుంచి వచ్చిన సౌండ్ అతను పెళ్లిళ్లకు పెట్టే పెద్ద స్పీకర్లు తెచ్చి, కరెంటును నమ్ముకోకుండా తన జనరేటర్ మీదే అన్నీ నడిపాడు. పొద్దుటి నుంచి మబ్బు. చుట్టూ గుంటల్లో ఏరేటర్లు పగలే తిరుగుతున్నాయి. అక్క వాళ్ల నాలుగో గుంట గట్టు మైదానానికి ఆనుకునే ఉంది. పొద్దు వాలే వేళకు జనం వచ్చారు. గుంటల వాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు, బజ్జీల బండి. అక్క “అందరూ తిన్నారా?” అంటే, “ఇంత పెందలాడేనా?” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

మొదటి పాట రెండు నిమిషాలు నడిచిందో లేదో, ముందు వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు.

“యోవ్, ఇది ఏరేటర్ గదా!”

అందరూ నవ్వారు. పెద్దాయన కూర్చోలేదు. తల పక్కకు వంచి ఇంకాసేపు విన్నాడు. “బేరింగ్ అరిగిపొయిందబయా దానికి. ఆ టిక్కు అదే. మార్పించుకోండి, లేకపోతే ఒకనాడు పట్టేస్తాది” అన్నాడు. ఆ టిక్ మీద పేజీలకు పేజీలు చదివినవాణ్ణి నేను. ఒక్కమాటలో తేల్చేశాడు. అక్క మైకులోనే పకపకా నవ్వింది. జనానికి మేం తమవాళ్లమే అనిపించింది, కుర్చీలు ముందుకు లాక్కున్నారు. నాకు ఎంత సంతోషమైందంటే, అక్క వస్తుందా రాదా అన్నది కూడా కాసేపు మర్చిపోయాను. ఆ ఊపులో మూడో ఆల్బమ్ పాట ఎత్తుకున్నాను.

పెళ్లి స్పీకర్ల దెబ్బకు నేల అదిరింది. పొరల మీద పొరలు. బయట నిజం ఏరేటర్ల చప్పుడు ఎవరికీ వినిపించే దారి లేదు. అప్పుడు నేను ఆపాను.

ఒక్క దరువు. రెండు. ఆ హోరుకు అందరి చెవులూ దిబ్బడేసుకుని ఉన్నాయి, దూరపు చప్పుడేదీ వెంటనే అందలేదు. షామియానాలో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, కానీ అవి జనరేటర్ లైట్లు, కరెంటు ఉందని చెప్పవు. మూడో దరువుకు కుర్చీలు పడ్డాయి. “ఆగినాయి! మోటార్లు ఆగినాయి!” అని ఒక అరుపు. అంతే, మైదానం మొత్తం లేచింది. పంచెలు ఎగ్గట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, చెప్పులు వదిలేసి పరుగు. మోటార్‌సైకిళ్లు ఒక్కసారిగా మొదలయ్యాయి. పెద్దాయన అందరికంటే ముందున్నాడు.

కాదు, ఆయన కంటే ముందు ఇంకో మనిషి ఉంది. నేను పక్కకు చూసేసరికి అక్క లేదు. స్టేజి మీది నుంచి దూకి, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తుతోంది. ఏ దరువుకు ఆగుతుందో తెలిసిన మనిషి, వందసార్లు ఆ నిశ్శబ్దంలో నిలబడిన మనిషి. ఇంకో చేతిలో వైర్‌లెస్ మైకు అలాగే ఉంది.

అందుకని అంతా స్పీకర్లలో వినిపించింది. బురదలో అడుగులు, గాజులు, రొప్పు. “నువ్వు రెండో గుంటకు పో! నేను నాలుగుకు పోతా!” అని బావ మీద అరుపు. గట్టు ఎక్కుతూ జారిన చప్పుడు. ఆ తర్వాత నీళ్ల హోరు, హోరులో టిక్. టిక్. టిక్. అన్నీ తిరుగుతూనే ఉన్నాయి. అక్క కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత మెల్లగా, ఎవరూ వినడం లేదనుకున్న గొంతుతో అంది:

“తిరగతానే ఉండావా… నా తల్లి గదా. తిరుగమ్మా, తిరుగు. ఆగబాక.”

ఖాళీ కుర్చీల ముందు నేనూ, నోరు వెళ్లబెట్టిన సౌండ్ అతనూ మిగిలాం. నాకు ఏడుపొచ్చింది. తొమ్మిదేళ్లు ఆమె గొంతు రికార్డు చేశాను. ఇప్పుడు విన్న ఈ గొంతు మాత్రం ఒక్కసారీ నా మైకులోకి రాలేదు. మొదట కుళ్లుకున్నాను, ఒక మోటారు మీద. తర్వాత సిగ్గేసింది. ఆ చప్పుడును ఊరూరా తిప్పి పేరు తెచ్చుకున్నవాణ్ణి నేను. అది ఆగినప్పుడు ఊరంతా పరిగెత్తితే, కదలకుండా నిలబడ్డవాణ్ణీ నేనే. కడుపులో ఎట్టనో ఉంటాదని ఆమె ఎన్నిసార్లు చెప్పింది! ప్రతి కచేరీలో ఆ ఎనిమిది దరువులూ మా అక్క పరిగెత్తకుండా తనను తాను బల్లకు పట్టి ఉంచుకుంది, నా కోసం.

మోకాళ్లదాకా బురదతో జనం తిరిగొచ్చారు. తిట్టేవాళ్లు తిడుతున్నారు, నవ్వేవాళ్లు నవ్వుతున్నారు. “నీ పాటకో దండం నాయనా, పానాలు పొయినాయి” అన్నాడు పెద్దాయన కుర్చీలో కూలబడి. “మళ్లా ఎయ్యి. ఈసారి ఆపినావంటే నీ పెట్టెలన్నీ గుంటలో ఏస్తాం.” మళ్లీ వేశాను, ఆపకుండా. అక్క బురద కాళ్లతోనే పాడింది. సగం పాటకు పెద్దాయన తల వాల్చి నిద్రపోయాడు. ఆయనతో పాటు ఇంకో నలుగురు. నేను నొచ్చుకోలేదు. కంటి నిండా నిద్ర ఎరగని మనుషులకు నా పాట మీద ఆ మాత్రం నమ్మకం కలిగినందుకు ఆనందపడ్డాను.

మర్నాడు పొద్దున వాకిట్లో కాఫీ తాగుతున్నాం. అక్క గ్లాసు కింద పెట్టి, “రేయ్” అని ఆగింది. ఆ తర్వాత మాట ఆమె నోటి నుంచి రానివ్వాలనిపించలేదు.

“నువ్వు రావద్దులే అక్కా.”

“నేనేం చెప్పకముందేనా?”

“నిన్న మైకులో చెప్పినావు గదా.”

చేత్తో నోరు మూసుకుంది. “అదంతా వినిపించినాదా?”

“ఊరంతా పరిగెత్తింది కాబట్టి సరిపొయింది. నేనూ సౌండ్ అతనూ విన్నాం.”

నవ్వబోయి ఏడ్చేసింది. “నేను రాకపోతే నీ గతేందిరా? ఇన్నేళ్లు తిండీ నిద్రా లేకుండా కట్టుకున్నావు. నా మూలాన పాయెనని తెల్లార్లూ కంటికి కునుకు లేదు నాకు.”

మా అక్క ఏడుస్తుంటే చూడటం నా వల్ల కాదు. అయినా నేను తర్వాత అన్నది ఆమెను ఊరుకోబెట్టడానికి అన్న మాట కాదు. నిన్న ఆ ఖాళీ కుర్చీల ముందే అనుకున్నాను.

“ఊళ్లు తిరిగేది లేదు. చెన్నైలో గది ఖాళీ చేసి నేనే ఈడికొస్తా. నువ్వు గుంట కాడ ఉండు. ఆడ నువ్వేమంటే అదే పాట. ఇంట్లోంచి గట్టు మీదికి మైకు లాగాలంటే వైరు ఎంత పొడుగు కావాల?”

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“నాకేం తెల్సు? కొలవాల” అంటూ లేచి, గుమ్మం దగ్గర నుంచి ఒకటి, రెండు, మూడు అని అడుగులు లెక్కపెట్టుకుంటూ గుంట వైపు నడిచింది.